డబ్బా మీద దీపాలు చూశారా?

పాలు పొంగేది మనం అటు తిరిగినప్పుడే గదా! ఇంట్లో నెట్టు పోయేది కూడా సరిగ్గా అవసరం పడ్డప్పుడే. అత్తగారు దుబాయ్‌లో ఉన్న చిన్నకొడుకుతో వీడియోలో మాట్లాడుతుంటే, ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోతాడు. పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసులో సారుగారి మొహం గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. మనం కుట్టుపని ఆర్డరు కోసం బ్లౌజు ఫోటో పంపిస్తే ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ‘ఈ కంపెనీవాళ్లే ఇంత’ అని నాలుగు తిట్టి, డబ్బా ఆపి, మళ్లీ వేసి, మన పనిలో మనం పడిపోతాం. ఈ వారం ఆ డబ్బా సంగతే చెప్పుకుందాం. వంటల పేజీ పక్కన ఇదేమిటి అనుకోకండి. మిక్సీ, ఫ్రిజ్, గీజరు లాగే ఇదీ మన చేతి కింది సామానే అయింది. పగలంతా దాని పక్కన ఉండేదీ మనమే.

మాది కొండాపూర్. హైటెక్ సిటీ పక్కన అద్దాల మేడలున్న కొండాపూర్ కాదండీ, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్. శాతవాహనుల నాటి నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు దొరికిన దిబ్బ, మ్యూజియం ఉన్న ఊరు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మా పక్కింటి వదిన ఒకసారి నెట్టు కంప్లైంటు ఇస్తే మనిషి ఆ కొండాపూర్‌కి వెళ్లాడట! అక్కడ ఇల్లు వెతికి వెతికి, ‘తాళం వేసి ఉంది’ అని రాసుకుని పోయాడట. అప్పట్నుంచి ఆమె ఫోనులో ‘సంగారెడ్డి జిల్లా, సంగారెడ్డి జిల్లా’ అని మూడుసార్లు చెప్పి గానీ అసలు మాట మొదలుపెట్టదు. మీ ఊరి పేరుతో ఇంకో ఊరుంటే మీరూ మండలం, పిన్‌కోడు తప్పకుండా చెప్పండి.

ఆ వదిన సంగతే ఈ వారం కథ. వాళ్లాయన పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. పెద్దమ్మాయి ఇంటర్ అయింది. ఎంసెట్ రాసింది. ఎంసెట్ అనకూడదేమో, 2024 నుంచి దానికి ఈఏపీసెట్ అని పేరు మార్చారు గదా, మన నోటికి మాత్రం ఇంకా ఎంసెట్టే వస్తుంది. ర్యాంకు మధ్యస్థంగా వచ్చింది. దగ్గర్లోని సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ కాలేజీలో సీటొస్తే పిల్లను హైదరాబాద్ హాస్టల్లో వెయ్యక్కర్లేదు, ఖర్చు తగ్గుతుందని తల్లి ఆశ. నిరుడు జూలైలో వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లాడు, రాత్రి పదింటికి గానీ రాడు. పిల్ల సాయంత్రం ఆరింటికి కూర్చుని, కాగితం మీద రాసుకున్న కాలేజీలన్నీ ఒక్కొక్కటీ ఎక్కిస్తోంది. ఎనభై దాకా ఎక్కించిందట. ఇంకా సేవ్ చెయ్యలేదు. ఏడు కాకుండానే నెట్టు పోయింది. వచ్చేసరికి ఎక్కించినవన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పోయింది.

నేను గోడ ఇవతల చపాతీ పిండి కలుపుతున్నాను. "అక్కా, జర రావా! పిల్ల ఏడుస్తున్నది" అని కేక. పిండి చేతులతోనే పరిగెత్తాను. వాళ్ల ఫోనులో డేటా అయిపోయింది, రీచార్జి చేద్దామంటే దానికీ నెట్టే కావాలి! నా ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఇచ్చాను. పది పదిహేను ఎక్కించగానే ఒకసారి సేవ్ చెయ్యమ్మా అని పక్కనే కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు పని పూర్తయింది. ఆ రాత్రి మా ఇంట్లో చపాతీలు లేవు, పెరుగన్నమే. అది వేరే సంగతి.

మర్నాడు వదిన అన్న మాట నాకు బాగా గుర్తు. "మూడుసార్లు వచ్చి చూసిండు అక్కా ఆ పిలగాడు. వచ్చినప్పుడల్లా మంచిగనే ఉంటది. మీ ఫోన్లల్ల ఉంది ప్రాబ్లం అంటడు. పెద్ద ప్లాన్ తీసుకో మేడమ్, స్పీడ్ ఎక్కువైతదంటడు. ఏం జేయాలె?"

ఇక్కడ కాస్త ఆగి చూడండి. స్పీడు తక్కువ కావడం వేరు, నెట్టు తెగిపోవడం వేరు. నల్లా నీళ్లు రెండు నిమిషాలు వచ్చి మూడు నిమిషాలు ఆగుతుంటే, లావు గొట్టం వేయించినంత మాత్రాన ఆగకుండా వస్తాయా? తెగిపోయే జబ్బుకు పెద్ద ప్లాను మందు కాదు. నెలకు మూడు నాలుగు వందలు ఎక్కువ కట్టి, అదే ఏడుపు ఏడుస్తాం. ముందు ఎక్కడ తెగుతోందో తెలియాలి.

తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. పాల లెక్క రాసే క్యాలెండరుంది గదా, దాని మీదే నెట్టు పోయిన టైము రాయమన్నాను. దాంతోపాటు మూడు సంగతులు చూడమన్నాను. పోయినప్పుడు డబ్బా మీద ఏ దీపం ఎలా ఉంది? అందరి ఫోన్లలో పోయిందా, ఒక్కదాంట్లోనేనా? ఆ నిమిషంలో ఇంట్లో ఏం నడుస్తోంది?

ఈ దీపాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే రోగం సగం అక్కడే తెలిసిపోతుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో సాధారణంగా డబ్బా మీద పవర్, పాన్, ఎల్ఓఎస్, ఇంటర్నెట్, వైఫై అని చిన్న చిన్న అక్షరాలుంటాయి, ఒక్కో కంపెనీ డబ్బాకు వరుస కొంచెం మారొచ్చు. పాన్ అన్నది బయటి నుంచి వచ్చే గాజుతీగ సరిగా అందుతోందని చెప్పే దీపం. అది ఆకుపచ్చగా కదలకుండా ఉండాలి. ఎల్ఓఎస్ దగ్గర ఎర్రదీపం మినుకుమినుకుమంటే బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. అప్పుడు మీరు ఇంట్లో ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదు, ఫోను చేసి ‘ఎల్ఓఎస్ రెడ్ వస్తోంది’ అని ఆ మూడక్షరాలు చెప్పండి. అవతలివాడు ‘రీస్టార్ట్ చేశారా మేడమ్’ అన్న పాట పాడకుండా మనిషిని పంపిస్తాడు. దీపాలన్నీ పచ్చగా ఉన్నా వెనకగదిలో మాత్రమే రావడం లేదంటే అది డబ్బా పెట్టిన చోటు తప్పు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయంటే మాత్రం కరెంటు తప్పు. డబ్బా చచ్చి మళ్లీ పుడుతోందన్న మాట. అది పూర్తిగా లేచి నెట్టు అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మనకేమో ‘నెట్టు పోయింది, వచ్చింది’ అనిపిస్తుంది.

వారం తిరిగేసరికి వదిన క్యాలెండరు తెచ్చింది. సోమవారం ఆరూ యాభై. మంగళవారం ఏడుంపావు, రెండుసార్లు. బుధవారం ఆరూ ముప్పావు. గురువారం ఒక్కసారి కూడా పోలేదు. శుక్రవారం మళ్లీ ఏడింటికి. "బేస్తవారం ఏం ప్రత్యేకం వదినా? ఆలోచించు" అన్నాను. ఆమె కాసేపు చూసి, "ఆ రోజు ట్యాంక్ నిండుగనే ఉండె అక్కా, మోటారు ఎయ్యలే" అంది. అని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

సంపులోంచి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు! ఇద్దరం లేచాం. నేను డబ్బా ముందు నిలబడ్డాను, ఆమె వెనక్కి వెళ్లి స్విచ్చి వేసింది. గుర్ర్‌మని మోటారు అందుకుంది, ట్యూబులైటు ఒక్కసారి కన్నుకొట్టింది, డబ్బా మీద నాలుగు దీపాలూ టక్కున ఆరిపోయాయి. అంతే! మోటారు మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ ఒక్క క్షణం ఇంట్లో వోల్టేజీ కిందికి పడుతుంది. పైగా వాళ్ల మోటారు తొందరగా నీళ్లు అందుకోదు. రెండు మూడుసార్లు ఆపి వెయ్యాలి. వేసినప్పుడల్లా డబ్బా ఆరి వెలుగుతుంది. టెక్నీషియన్ కుర్రవాడు వచ్చేది పొద్దున పదకొండింటికి. అప్పుడు మోటారెవరు వేస్తారు? అతని తప్పూ లేదు పాపం.

‘మరి మా ఇంట్లోనూ మోటారుంది, మాకెందుకు పోదు’ అని అడుగుతారు కాబోలు. వదినా అదే అడిగింది. అక్కడే ఉంది కిటుకు. డబ్బాకు కరెంటిచ్చే ఆ నల్లటి అడాప్టరు మంచిదైతే 100 వోల్టుల నుంచి 240 వోల్టుల దాకా ఎంత వచ్చినా తట్టుకుంటుంది. ఆ సంగతి దాని మీదే అచ్చువేసి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. మూడు నాలుగేళ్లు రాత్రింబగళ్లు వేడెక్కి వేడెక్కి లోపలి సామాను నీరసించిపోయాక, చిన్న కుదుపుకే చేతులెత్తేస్తుంది. వదినవాళ్ల అడాప్టరు చేత్తో ముట్టుకుంటే ఇస్త్రీపెట్టెలా కాలుతోంది, చెవి దగ్గర పెడితే సన్నగా ఈల వేస్తోంది. మా ఇంటి అడాప్టరు తీసి దానికి పెట్టాం. రెండూ 12 వోల్టులవే, పిన్నూ ఒకటే. మోటారు వేసింది. ట్యూబులైటు కన్నుకొట్టింది గానీ డబ్బా కదల్లేదు! పిల్ల చప్పట్లు కొట్టింది. మూడు నెలల బాధకు కారణం ఒక అడాప్టరు!

మీరు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. పాతదాని మీద ఎన్ని వోల్టులుంటే కొత్తదాని మీదా సరిగ్గా అన్నే ఉండాలి. యాంపియర్లు అంతే ఉన్నా సరే, ఎక్కువున్నా సరే, తక్కువ మాత్రం కాకూడదు. ఇంట్లో పడి ఉన్న సెటాప్ బాక్సు అడాప్టరు పిన్ను పడుతోంది గదా అని గుచ్చేయకండి. 9 వోల్టులది 12 వోల్టుల డబ్బాకు పెడితే ఆగుతూ నడుస్తుంది, 12ది 9కి పెడితే డబ్బానే కాలిపోవచ్చు.

ఇన్వర్టరు ఉన్నవాళ్లు ‘మాకు కరెంటు పోయినా బాధ లేదు’ అంటారు. కానీ మెయిన్ కరెంటు నుంచి ఇన్వర్టరుకు మారే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు గానీ డబ్బా ఆరిపోతుంటుంది కొన్ని ఇళ్లలో. దీనికి అరచేతిలో పట్టేంత చిన్న యూపీఎస్ వస్తోంది, డబ్బాకూ అడాప్టరుకూ నడుమ పెట్టేది. ఒక గంటో రెండు గంటలో నడుపుతుంది. మా లైన్లో సాయంత్రం అందరూ ఒకేసారి మోటార్లు వేస్తారు, వోల్టేజీ ఊగుతుంటుంది, అందుకని మా ఇంట్లోనూ ఒకటి కొన్నాను. మావారు ‘దీనికీ వెయ్యి పైచిలుకా’ అని గొణిగారు. క్రికెట్టు మ్యాచిలో ఆఖరి ఓవరప్పుడు కరెంటు పోయినా ఫోనులో మ్యాచి ఆగకపోవడంతో మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సరే, అందరిళ్లలో మోటారే దొంగ కాదు గదా. ఈ ముచ్చట తెలిశాక మా వీధిలో అందరూ నన్ను పిలవడం మొదలుపెట్టారు. నాలుగు ఇళ్లు చూశాను, నాలుగూ నాలుగు రకాలు.

ఒక ఇంట్లో డబ్బా ఎక్కడుందో చెబితే నవ్వుతారు. స్టీలు గిన్నెల స్టాండు వెనకాల! ‘కనబడితే బాగుండదు’ అని. ఇంకో ఇంట్లో ఇనుప బీరువా మీద, దాని మీద క్రోషా గుడ్డ కప్పి. పాతరోజుల్లో టీవీకి కప్పేవాళ్లం చూడండి, అలా. ఇనుము, స్టీలు, నిలువుటద్దం, ఇవి వైఫై తరంగాలను వెనక్కి తిప్పికొడతాయి. నీళ్లు తాగేస్తాయి. అందుకని ఫ్రిజ్ మీద, చేపల తొట్టి పక్కన, బీరువా వెనక పెట్టకూడదు. ఇటుక గోడ కొంచెం అడ్డుకుంటుంది, చువ్వలున్న కాంక్రీటు స్లాబు బాగా అడ్డుకుంటుంది. కింద హాల్లో డబ్బా పెట్టుకుని పైఅంతస్తు వెనకగదిలో రావడం లేదంటే ఎలా వస్తుంది? ఇంటి నడుమ, మనిషెత్తున, చుట్టూ ఖాళీగా ఉన్న గూట్లో పెడితే సగం ఫిర్యాదులు పోతాయి. గుడ్డ కప్పడం మాత్రం వద్దే వద్దు. మే నెలలో మన ఎండలకు అసలే వేడి, పైన ముసుగేస్తే ఉక్కిరిబిక్కిరై దానంతట అదే ఆగిపోతుంది. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డతో కాదు.

రెండో ఇంట్లో ఆమెకు మధ్యాహ్నం పూట, అదీ మూడు నాలుగు నిమిషాలు మాత్రమే పోతోంది. దీపాలన్నీ పచ్చగానే ఉంటాయట. ఏం చేస్తుంటావమ్మా అప్పుడు అంటే, ‘ఆయనకు అన్నం వేడి చేస్తుంటా’ అంది. మైక్రోవేవు! ఇది వింటే మీకు సరదాగా ఉంటుంది. మైక్రోవేవు ఓవెన్ పుట్టింది 1945లో. అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ పరికరం పక్కన నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిందని చెబుతారు. 1947లో అట్లాంటిక్ సిటీలో దేశదేశాలవాళ్లు కూర్చుని రేడియో తరంగాలు పంచుకున్నప్పుడు, ఇలా వేడిచేసే యంత్రాలకని 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర కొంత జాగా వదిలారు. వైఫై ప్రమాణం వచ్చింది 1997లో. లైసెన్సు అక్కర్లేని జాగా కావాలి గనక అది ఆ పక్కనే, అదే 2.4లో కాపురం పెట్టింది. అంటే ఆ జాగాలో వంటింటిదే ముందు హక్కు, వైఫై తర్వాత వచ్చిన అద్దెకున్నవాడు! మన దేశంలో 2.4ను ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో అన్నారు. ఓవెన్ తలుపు సందుల్లోంచి కొద్దిగా బయటికొచ్చే తరంగాలు మనకు హాని చేసేంత కాదు గానీ, పక్కనే ఉన్న వైఫైని గందరగోళం చెయ్యడానికి చాలు. రెండూ ఒకే గట్టు మీద పెట్టకండి. లేదా ఫోనును 5 గిగాహెర్ట్జ్ పేరుకు మార్చుకోండి.

ఈ 5 సంగతి కూడా చెప్పి తీరాలి. మీ ఫోనులో మీ ఇంటి పేరే రెండుసార్లు కనబడుతుంది, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది మొబైల్ కంపెనీవాళ్ల 5జీ కాదండీ! దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో దారి. వెడల్పాటి దారి, రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ గోడలు దాటలేదు, సుకుమారి. 2.4 నెమ్మదస్తురాలు, దూరం నడవగలదు. డబ్బా ఉన్న హాల్లో 5, వెనకగదిలో 2.4 అని పెట్టుకుంటే బాగుంటుంది. హాల్లో 5 మీద మాట్లాడుతూ వెనకగదిలోకి నడిచి వెళితే మధ్యలో తెగుతుంది చూడండి, అది జబ్బు కాదు, ఫోను ఒక దారి వదిలి ఇంకో దారి పట్టుకుంటోంది.

మూడో ఇల్లు అపార్టుమెంటు. ఫోనులో చూస్తే పద్దెనిమిది ఇళ్ల వైఫైలు కనబడ్డాయి! గణేశ్ నవరాత్రుల్లో మూడు వీధుల మైకులు ఒకేసారి మోగితే ఏ పాటా వినబడదు చూడండి, అదే గతి. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని దారులు మూడే, 1, 6, 11 అంకెల ఛానళ్లు. పక్కింటివాళ్లు 6లో ఉంటే మనం 1కో 11కో మారాలి. టెక్నీషియన్ వచ్చినప్పుడు ‘తమ్ముడూ, ఏ ఛానల్ ఖాళీగా ఉందో చూసి పెట్టు’ అని అడగండి. ఐదు నిమిషాల పని. ఛానల్ పేరు మీ నోట వినగానే అతను కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

ఇలా అడ్డురాకుండా తప్పుకునే ఉపాయం గురించి ఒక చిన్న ముచ్చట. 1942లో, యుద్ధం నడుస్తుండగా, హాలీవుడ్‌లో పేరున్న నటి హెడీ లమార్, జార్జ్ యాంథైల్ అనే సంగీతకారుడితో కలిసి ఒక పేటెంటు తీసుకుంది. టార్పెడోను నడిపే రేడియో సంకేతాన్ని శత్రువు చెడగొట్టకుండా, ఒక తరంగం మీంచి ఇంకో తరంగం మీదికి గెంతిస్తూ పోవడం. పియానో మెట్లలాగా 88 తరంగాలు అనుకున్నారు. అప్పుడు అమెరికా నౌకాదళం పక్కన పెట్టేసింది. ఈనాడు మన చెవిలో పెట్టుకునే బ్లూటూత్ అలా గెంతుతూనే పనిచేస్తుంది. అందమైన హీరోయిన్ అని మాత్రమే లోకం చెప్పుకుంది, ఆమె బుర్ర సంగతి ముసలితనంలో గానీ గుర్తించలేదు. మన సంగతీ అంతేలెండి!

నాలుగో ఇంట్లో ఎర్రదీపం. అక్కడ తప్పు ఎవరిదంటే, దీపావళికి ఇల్లు దులిపిన ఆమెదే. గోడ మీద వేలాడుతున్న సన్నతీగ అందంగా లేదని మడిచి, చుట్టి, రబ్బరుబ్యాండు వేసి మేకుకు తగిలించింది. ఆ తీగలో ఉండేది రాగి కాదు, గాజుపోగు. పోగంతా కలిపి 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే నడిమి దారి 9 మైక్రాన్లే. బాగా మడత పెడితే వెలుగు పక్కలనుంచి కారిపోతుంది, ఇంకా నొక్కితే విరుగుతుంది. చుట్టాల్సి వస్తే టీ సాసరంత గుండ్రంగా, వదులుగా చుట్టండి. ఊడిపోయిన గాజుతీగ కొసను కంటికి దగ్గరగా పెట్టి ‘వెలుగు వస్తోందా’ అని మాత్రం చూడకండి. అందులోది కంటికి కనబడని లేజరు వెలుగు, కంటికి మంచిది కాదు. పిల్లల్ని అసలు చూడనివ్వకండి.

ఎవరింట్లోనైనా ఒక్క ఫోనులోనే పోతుంటే డబ్బాను తిట్టకండి. ఆ ఫోనులో ఇంటి వైఫై పేరు నొక్కి ‘ఫర్‌గెట్’ అనండి, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి కలపండి. చాలాసార్లు అంతటితో సరి. పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది, వీధిలో పిల్లలందరికీ మీ పాస్‌వర్డ్ తెలిసి ఉంటే సాయంత్రం నెమ్మదించడానికి అదే కారణం కావచ్చు. ఏడాదికి ఒకసారైనా మార్చండి. మొహమాటం ఉంటే ‘కంపెనీవాడే మార్చాడు’ అని చెప్పండి, పాపం తగలదు.

ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెయ్యకండి. డబ్బా వెనక సూదిమొన పట్టేంత చిల్లు ఒకటుంటుంది, పక్కన రీసెట్ అని ఉంటుంది. పిన్నీసుతో దాన్ని గుచ్చితే డబ్బా కొత్తగా పుట్టినట్టవుతుంది. అందులో కంపెనీవాడు ఎక్కించిన మీ కనెక్షన్ పేరు, పాస్‌వర్డ్ కూడా చాలా డబ్బాల్లో చెరిగిపోతాయి. ఆగి ఆగి వచ్చే నెట్టు కాస్తా పూర్తిగా పోతుంది, మనిషి వచ్చేదాకా దిక్కులేదు. ఆపి వెయ్యాలంటే స్విచ్చి ఆపి, ముప్పై లెక్కపెట్టి, వెయ్యండి చాలు. ఉరుములు మెరుపులు వస్తుంటే ప్లగ్గు పీకేయండి, టీవీకి చేసినట్టే.

ఇంత చూసినా బయటి లైను తప్పే అని తేలితే కంప్లైంటు ఇవ్వండి, డాకెట్ నంబరు అడిగి అదే క్యాలెండరు మీద రాసుకోండి. ఆ నంబరు లేకుండా ఎంతసేపు మాట్లాడినా అది మాటే. పని కాకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి అని ఒకరుండాలి, ట్రాయ్ నిబంధన అది. ఆ నంబరు చూపించి అక్కడికి రాయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు. పల్లెల్లో ఉన్న చెల్లెళ్లు ‘మా ఊరికి ఈ గాజుతీగ ఎక్కడిది’ అనవచ్చు. మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల కందకాల్లోనే తెలంగాణలో టీ-ఫైబర్ తీగ కూడా వేస్తూ వచ్చారు. 2024 డిసెంబరులో మొదట ఇచ్చిన ఊళ్లలో మా జిల్లాలోని సంగుపేట ఒకటి. మీ ఊరి పంచాయతీ ఆఫీసులో అడిగి చూడండి.

వదినవాళ్ల పిల్లకు మొదటి విడతలో సుల్తాన్‌పూర్ రాలేదు. రెండో విడతలో వచ్చింది. ఆప్షన్లు మాత్రం ఆ రెండోసారి పట్టపగలు, పదకొండింటికే పెట్టించింది వాళ్లమ్మ. అడాప్టరు మార్చి ఇన్నాళ్లయినా, మోటారు వేసే ముందు గోడ మీంచి కేక మానలేదు. "అక్కా, మోటారేస్తున్న! ఎవరన్న ఫోన్ల ఉన్నారా?"

మాది వేరే మీటరు, వేరే డబ్బా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. నేనూ ‘వెయ్యి వదినా’ అనే అంటాను.